జీలకర్ర అడిగిన మగవాళ్లు

దుమ్యాత్ ఊళ్లో మగవాడు జీలకర్ర కొని, వాసన చూడకుండా జేబులో వేసుకున్నాడంటే అతనికి కావలసింది జీలకర్ర కాదు. ఈ సంగతి అబ్దుల్ మక్సూద్‌కు పన్నెండో ఏట వాళ్ల నాన్న చెప్పాడు. ఇప్పుడు అతనికి ఎనభై దాటాయి. మోకాళ్లు పట్టేస్తాయి, ఎడమ చెవి పనిచేయదు. అయినా మూలికల కొట్టు తలుపు పొద్దున ఎనిమిదింటికి తానే తీస్తాడు.

కొట్టు వెడల్పు పెళ్లిమంచమంత కూడా ఉండదు. ఈ పోలిక ఊరివాళ్లదే. నైలు సముద్రాన్ని చేరబోయే చోట ఉన్న ఆ ఊరంతా వడ్రంగులు, చెక్కడం పనివాళ్లు, పాలిష్ మేస్త్రీలు. దేశంలో ఎక్కడ పెళ్లయినా పడకగది సామాను తమ చేతుల మీదుగానే వెళ్లాలని వాళ్ల గర్వం. "మంచం మేం చేస్తాం, ఆ పైది మక్సూద్ చూసుకుంటాడు" అని కాఫీ కొట్టులో నవ్వుకునేవాళ్లు.

గోడ నిండా అరవై సొరుగులు. ప్రతిదాని మీదా తాత రాసిన చీటీ ఉండేది. కింది వరుసలో మూడో సొరుగుకు మాత్రం చీటీ లేదు. దాన్ని ఎవరూ పేరు పెట్టి అడిగేవాళ్లు కాదు. మగవాడు వచ్చి పావుకిలో జీలకర్ర అడిగి, ఆడవాళ్లు వెళ్లేదాకా మిరియాల బస్తా పక్కన నిలబడేవాడు. అప్పుడు మక్సూద్ ఆ సొరుగు లాగేవాడు. జీలకర్ర మాత్రం కొని తీరాలి, అది మర్యాద. అందుకే ఆ పేటలో జీలకర్ర లేని ఇల్లు ఉండేది కాదు, ఎందుకు అంత ఉందో ఇల్లాళ్లకు తెలియనట్టే ఉండేది.

సొరుగులో మూడు రకాల డబ్బాలు ఉండేవి. మొదటిది లవంగ లేపనం. తేనెమైనం, నువ్వుల నూనె కలిపి కరిగించి, చల్లారబోయే ముందు లవంగ నూనె చుక్కలు లెక్కపెట్టి వేసేవాడు. రాసిన చోట కాస్త తిమ్మిరెక్కుతుంది. తొందరపాటు మనిషికి అది. రెండోది అల్లం, దాల్చినచెక్క ఊరబెట్టిన నూనె. ఒంట్లో వేడి పుట్టినట్టు అనిపిస్తుంది, అంతకంటే ఏమీ లేదు. అలసిపోయిన మనిషికి ఆ అనిపించడమే చాలాసార్లు సరిపోయేది. మూడోది గులాబీ వాసన కలిపిన ఉత్త నువ్వుల నూనె. అన్నిటికంటే ఎక్కువ మందికి పనికొచ్చింది అదే.

డబ్బా ఇచ్చే ముందు ప్రశ్నలు వేయాలి. నిద్ర పడుతోందా? దాహం ఎక్కువగా ఉంటోందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావు? సిగరెట్లు ఎన్ని? ఇంట్లో ఏమన్నా గొడవా? దాహం ఎక్కువన్నవాడికి ఏ డబ్బా ఇవ్వకుండా ఏటి ఒడ్డున ఉండే డాక్టర్ లబీబ్ దగ్గరికి పంపేవాడు. 'పెద్దది చేసే మందు' అడిగినవాడికి ఒకటే జవాబు.

"పెద్దది కావాలంటే బీరువా చేయించుకో మేస్త్రీ. నా దగ్గర అలాంటిదేం లేదు."

ఇచ్చాక వాడే పద్ధతి చెప్పాలి. మసూరు గింజంత చాలు. అరగంట ముందు రాయాలి. భార్య దగ్గరికి వెళ్లే ముందు సబ్బుతో కడిగేసుకోవాలి, లేకపోతే ఆ తిమ్మిరి ఆమెకూ అంటుతుంది. వీటన్నిటికంటే ముందు, ఒకరోజు ముందుగా మోచేతి మడత లోపల కాస్త రాసి పావుగంట ఆగాలి. మండినా, దురద పెట్టినా, ఎర్రబడినా డబ్బా తెచ్చి ఇచ్చేయాలి. ఈ మాటలు అతను నమాజు మాటల్లాగా ఒక్కటీ పొల్లుపోకుండా చెప్పేవాడు. ఒక్కసారి తప్ప.

అది యుద్ధం అయిపోయిన మరుసటి వసంతం. ఆరేసి ఏళ్లు విడుదల లేకుండా సైన్యంలో ఉండిపోయిన కుర్రకారంతా ఒక్కసారి ఇళ్లకు వచ్చి పడ్డారు. ఆగిపోయిన పెళ్లిళ్లన్నీ ఆ రెండు నెలల్లోనే. వీధుల్లో బంగారు రంగు వేసిన మంచాల తలవైపు పలకలు మోసుకెళ్లే బళ్లు ఒకదాని వెనక ఒకటి. కొట్టులో గోరింటాకు కోసం, షర్బత్ రంగుల కోసం ఆడవాళ్లు విరగబడుతున్నారు. మక్సూద్‌కు అప్పుడు ముప్పై ఎనిమిదేళ్లు.

ఆ రద్దీలో ఫిక్రీ వచ్చాడు. పాలిష్ మేస్త్రీ, ఇరవై తొమ్మిదేళ్లవాడు. పదిహేనో ఏట పని మొదలుపెట్టి, ఊళ్లోవాళ్లందరి పెళ్లిమంచాలకూ లక్క పూసినవాడు. తన మంచానికి పూసుకునే వేళకు సైన్యం పిలిచింది.

"బాబాయ్, పావుకిలో జీలకర్ర."

"బ్రహ్మచారివి, అంత జీలకర్ర ఏం చేస్తావురా?"

"అమ్మ తెమ్మంది."

"మీ అమ్మ పొద్దునే పట్టుకెళ్లింది."

మిరియాల బస్తా దగ్గర తన వంతు కోసం నిలబడ్డ షబ్రావీ అనే చెక్కడం మేస్త్రీ పకపకా నవ్వాడు. "ఇచ్చెయ్యవయ్యా మక్సూద్. గురువారం వాడి పెళ్లి. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు తింటాడు జీలకర్ర?"

ఫిక్రీ చెవులు ఎర్రబడ్డాయి. బల్ల మీదికి వంగి గొంతు తగ్గించాడు. "ఆరేళ్లు ఇసుకలో పడుకున్నాను బాబాయ్. తుపాకులకు భయపడలేదు. గురువారం అంటే మాత్రం భయమేస్తోంది. మొదటి రాత్రే నవ్వులపాలైతే?"

ఆ మాట పట్టుకొని కూర్చోబెట్టి అడగాల్సింది. కానీ వెనక నుంచి ఒకామె గోరింటాకు పొట్లం ఊపుతోంది, ఇంకొకామె షర్బత్ రంగు తక్కువ తూచావని దెబ్బలాడుతోంది. మక్సూద్ చేయి దానంతట అదే లవంగ లేపనం మీదికి వెళ్లింది.

"మసూరు గింజంత. అరగంట ముందు. తర్వాత సబ్బుతో కడుక్కో. ముందురోజు కొంచెం రాసి చూసుకో. వెళ్లు, వెళ్లు, దేవుడు నీకు మేలు చెయ్యాలి."

ఎక్కడ రాసి చూసుకోవాలో చెప్పలేదు.

శుక్రవారం నమాజు వేళదాకా కొట్టు ఒంటి తలుపే తీసి ఉంచేవాడు. ఆ పొద్దున నల్ల ముసుగు నిండుగా కప్పుకున్న మనిషి లోపలికి వచ్చి, బల్ల మీద ఒక డబ్బా పెట్టింది. అది మూడో సొరుగులోని డబ్బా. పెట్టిన చేతి నిండా కొత్త గోరింటాకు.

"పావుకిలో జీలకర్ర ఇవ్వండి. మీ కొట్టులో ఇలాగే అడగాలటగా?"

మూడు తరాల కొట్టులో ఆ జీలకర్ర అడిగిన మొదటి ఆడమనిషి ఆమె.

"ఎవరమ్మా నువ్వు?"

"బుసైనాని. ఫిక్రీ పెళ్లాన్ని. నిన్న రాత్రి నుంచి."

"అయ్యో తల్లీ! ఇవాళ నువ్వు గడప దాటకూడదు కదా!"

"దాటాను. ఇది మా పిన్ని ముసుగు. సందులో నన్నెవరూ పోల్చుకోలేదు. మీరు కేకలు పెడితే పోల్చుకుంటారు."

మక్సూద్ గొంతు తగ్గించాడు. ఏమైందని అడిగాడు. ఆమె తడబడకుండా, బజారు సామాను చెప్పినట్టు చెప్పింది.

"ఆయన తెల్లారినప్పటి నుంచి చన్నీళ్ల తొట్టిలో కూర్చున్నారు. లేవమంటే లేవరు. రాత్రి మొదట ఏమీ తెలియడం లేదన్నారు. తర్వాత మంటన్నారు. ఎర్రగా కమిలిపోయింది. ఇప్పుడు ఏమీ అనడం లేదు, గోడవైపు తిరిగి కూర్చున్నారు."

"బొబ్బలేమన్నా లేచాయా?"

"లేదు."

"నీకేమన్నా..."

"నా దాకా ఎక్కడ వచ్చింది?"

మక్సూద్ డబ్బా మూత తీశాడు. సగం ఖాళీ. వేలితో తవ్వి తీసిన గుర్తు కనిపిస్తోంది.

"మసూరు గింజంత అన్నానమ్మా! ఇది గంపెడు మసూరు!"

"ముందురోజు రాసి చూశారట. గంటసేపు ఆగారట. చీమ కుట్టినట్టయినా లేదట. మందులో సత్తువ లేదనుకున్నారు."

"ఎక్కడ రాసి చూశాడు?"

ఆమె గోరింటాకు పండిన తన అరచేతిని తెరిచి చూపించింది.

మక్సూద్‌కు అర్థమైంది. పాలిష్ మేస్త్రీ ఏదైనా అరచేతి మీదే చూసుకుంటాడు. లక్క చిక్కగా ఉందా, స్పిరిట్ ఎక్కువైందా, చెక్క నున్నబడిందా, అన్నీ అక్కడే. ఎనిమిదేళ్లు లక్కలో, స్పిరిట్‌లో నానిన ఆ చర్మం ఉడుకుతున్న జిగురు గిన్నెను గుడ్డ లేకుండా దించగలదు. దాని మీద లవంగ నూనె ఏం చేస్తుంది? ఆరేళ్లు తుపాకీ పట్టి వచ్చినా ఆ చేయి మెత్తబడలేదు. ఊరు ఊరంతా మేస్త్రీలే. ఇన్నేళ్లుగా మోచేయి అని చెబుతూ వచ్చాడు కాబట్టి బతికిపోయారు.

"మధ్యాహ్నానికి మా అమ్మ వస్తుంది," అంది బుసైనా. "ఉల్లిపాయ కూరిన బాతులు నాలుగు నెత్తిన పెట్టించుకొని, మా మేనత్తలందర్నీ వెంటేసుకొని. అందరూ ముందు ఆయన ముఖం చూస్తారు, తర్వాత నా ముఖం. మా వీధి సంగతి మీకు తెలుసు. మా పక్కింటాయనకు పెళ్లి మర్నాడే 'చన్నీళ్లు' అని పేరు పెట్టారు. ఆయనకిప్పుడు మనవలున్నారు. ఇంకా చన్నీళ్లే. ఇవాళ ఒక్క మాట పుట్టిందంటే మా ఆయన చచ్చేదాకా దాంతోనే బతకాలి."

మక్సూద్ డబ్బాకు మూత పెట్టాడు.

"అందుకే అడుగుతున్నాను, నిజం చెప్పండి. తప్పు ఆయనదా, మందుదా?"

ఒక్క మాటతో తేలిపోయే ప్రశ్న అది. ఆయనదే అంటే కొట్టు పేరు నిలుస్తుంది. తాత రాసిన చీటీలు, నాన్న లెక్కపెట్టిన చుక్కలు, అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. మందుదే అంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. ఒళ్లు కాల్చే కొట్టుకు జీలకర్ర కోసం ఎవడొస్తాడు? కానీ మొదటి రోజే పెళ్లాం ముందు నవ్వులపాలైపోయానని ఆ కుర్రవాడు తొట్టిలో గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పైగా మోచేయి అన్న మాట తన నోట రాలేదు. అదొక్కటీ తన మనసుకు తెలుసు.

"తప్పు నాది," అన్నాడు మక్సూద్. "లవంగ నూనె ఎక్కువ పడింది. మీ అమ్మ అడిగితే అదే చెప్పు. మక్సూదే ఒప్పుకున్నాడని చెప్పు."

ఆమె కాసేపు అతని ముఖంలోకి చూసింది. "ఎక్కువ పడిందా?"

"ఎక్కువే పడింది."

ఆమె తన అరచేతిని ఒకసారి చూసుకొని, మూసుకుంది. ఇంకేమీ అడగలేదు. రాత్రి ఫిక్రీ మొరటు చేయి ఆమె చేతిని పట్టుకునే ఉంటుంది కదా, ఆమెకు అసలు సంగతి తెలియకపోవడమేమిటని మక్సూద్‌కు అప్పుడే అనిపించింది.

"ముందు తొట్టిలోంచి లేపు. మెత్తటి సబ్బుతో ఆ జిడ్డంతా పోయేలా కడుక్కోమను. తర్వాత ఏమీ రాయొద్దు. వెన్న వద్దు, పసరు వద్దు, నా దగ్గరిదీ వద్దు. వదులైన నూలు జుబ్బా వేసుకోమను. నాలుగు రోజుల్లో మామూలైపోతుంది. బొబ్బలు లేచినా, ఒంటేలుకు వెళ్లినప్పుడు మంటన్నా సిగ్గుపడకుండా డాక్టర్ లబీబ్ దగ్గరికి తీసుకుపో. ఆయన నవ్వడు."

ఆమె గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "ఇంతకీ ఆయనకు ఈ మందు అవసరమా?"

"లేదమ్మా. భయపడుతున్నాడు, అంతే. నేను కూర్చోబెట్టి రెండు మాటలు అడిగుంటే ఉత్త గులాబీ నూనె ఇచ్చి పంపేవాణ్ని."

"అయితే అది ఇవ్వండి."

"ఇప్పుడు కాదు తల్లీ!"

"ఇప్పుడెందుకు? బీరువాలో పెట్టుకుంటాను."

బుసైనా తల్లి జలీలా శనివారం పొద్దున వచ్చింది. కొట్టులో అప్పుడు నలుగురు మగవాళ్లున్నారు. నలుగురూ జీలకర్రకే వచ్చారు.

"ఓ మక్సూదూ! మీ తాత బతికుంటే నిన్ను ఆ సొరుగులో పెట్టి తాళం వేసేవాడు! నా అల్లుడు సూయజ్ కాలువ దాటొచ్చిన సింహం! ఆరేళ్లు ఫిరంగుల ముందు నిలబడితే గోరంత గాయం కాలేదు. నీ గవ్వంత డబ్బాతో తగలబెట్టావు కదయ్యా!"

"తప్పే అక్కా."

"తప్పేనట! విన్నారా? ఇంకా నిలబడ్డారేం? మీకూ కాలాలా? ఏయ్ షబ్రావీ, ఆ మూల దాక్కుంటే కనపడవనుకున్నావా? నీ పెళ్లానికి తెలుసా ఇంత జీలకర్ర ఎందుకో?"

నలుగురిలో ముగ్గురు ఆమె మాట పూర్తికాకముందే వీధిలో ఉన్నారు. మక్సూద్ తల వంచుకొని విన్నాడు. 'అరచేతి మీద రాసి చూశాడు' అని ఒక్క మాటంటే ఆమె నోరు మూతపడేది. ఆ మాట నాలుక చివరిదాకా రెండుసార్లు వచ్చింది.

ఆ తర్వాత నలభై రోజులు కొనేవాళ్ల కోసం జీలకర్ర బస్తా ముడి విప్పే పని పడలేదు. అతని భార్య ఇన్సాఫ్ దానితో పులుసు, దానితో పప్పు, దానితో చేప చేసి పెట్టింది. "పెళ్లయి పదిహేనేళ్లయింది. మన కొట్టు జీలకర్ర మనం తినడం ఇదే మొదటిసారి," అని నవ్వింది. అసలు సంగతి ఆమెకు కూడా చెప్పలేదు.

నలభై ఒకటో రోజు షబ్రావీ వచ్చాడు. అటూ ఇటూ చూశాడు.

"ఫిక్రీకిచ్చిన ఆ డబ్బా ఉందా?"

"పారేశాను."

"కొంచెమన్నా మిగల్లేదూ?"

"ఒళ్లు కాల్చిన మందు నీకెందుకయ్యా?"

"సింహాన్నే కాల్చిందంటే అందులో ఏదో ఉన్నట్టే కదా."

వారం తిరక్కుండా ఇంకో ఆరుగురు అదే అడిగారు. ఫిక్రీ మందు కావాలట. మక్సూద్ ఎవరికీ ఇవ్వలేదు. ఇచ్చుంటే ఆ ఏడు ఇంటి మీద ఇంకో అంతస్తు లేచేది. దానికి బదులు ఫిక్రీతోనే ఒక చిన్న బెంచీ చేయించి కొట్టులో వేశాడు. ఇక మీదట ఏ డబ్బా కావాలన్నా మనిషి ఆ బెంచీ మీద కూర్చోవాలి. మక్సూద్ స్వయంగా అతని చొక్కా చేయి మడిచి, మోచేతి మడతలో మసూరు గింజంత రాసి, చేతికి టీ గ్లాసు ఇచ్చేవాడు. పావుగంట కదలకూడదు.

ఆ పావుగంటలే అతనికి ఇప్పుడు ఎక్కువగా గుర్తొస్తాయి. మగవాడికి చేతిలో టీ, మోచేతికి మందు పెట్టి కూర్చోబెడితే మాట్లాడక చస్తాడా? యజమాని తిట్టాడని ఒకడు, పెళ్లాం పుట్టింటి నుంచి రావడం లేదని ఒకడు, ఒకే గదిలో తల్లీ ముగ్గురు పిల్లలూ పడుకుంటే ఇంకెక్కడయ్యా అని ఒకడు. వాళ్లలో సగం మంది టీ తాగేసి, డబ్బా లేకుండానే వెళ్లిపోయేవాళ్లు. వెళ్తూ వెళ్తూ జీలకర్ర మాత్రం కట్టించుకునేవాళ్లు.

ఫిక్రీకి ఏమీ కాలేదు. మరుసటి ఏడు వసంతానికి కూతురు పుట్టింది, ఆ తర్వాత ముగ్గురు మగపిల్లలు. ఏటా ఆ పెళ్లిరోజు దాటిన మొదటి శుక్రవారం పాకం కారే, జిలేబీలాంటి ముషబ్బక్ పొట్లం పట్టుకొని భార్యతో కొట్టుకు వచ్చేవాడు. బెంచీ మీద కూర్చొని ప్రతిసారీ అదే మాట.

"నేను నిన్ను ఎప్పుడో క్షమించేశాను బాబాయ్. ఎంతటివాడికైనా ఒక్కసారి చెయ్యి తప్పుతుంది. నా జాగ్రత్త నేను పడ్డాను, ముందురోజు రాసి కూడా చూసుకున్నాను. ఇదిగో, ఇక్కడ."

అని అరచేయి చాచి చూపించేవాడు. చెప్పులడుగులాగా, నల్లగా, లక్క మెరుపుతో ఉండేది ఆ చేయి. పక్కన బుసైనా ముసుగు అంచు నోటికి అడ్డం పెట్టుకునేది. మక్సూద్ ముషబ్బక్ ముక్క విరిచి నోట్లో పెట్టుకొని, "పెద్ద మనసు నీది మేస్త్రీ" అనేవాడు. నలభై ఏళ్లకు పైగా క్షమించాడు ఫిక్రీ. ఒక్క ఏడు కూడా తప్పలేదు.

ఇప్పుడు బెంచీ మీద ఖాళీ కారం బస్తాలు ఉంటాయి. అదే పనికని గుర్రం బొమ్మ, సింహం బొమ్మ వేసిన స్ప్రే సీసాలు పేవ్‌మెంటు మీద పరిచి అమ్ముతున్నారు. మొన్న ఒకతను అలాంటి సీసా ఒకటి తెచ్చి, దాని మీద ఏం రాసుందో చెప్పమన్నాడు. అక్షరాలు మక్సూద్ కంటికి ఆనలేదు. అలవాటు కొద్దీ అతని చొక్కా చేయి మడవబోయాడు. "అంత తీరిక లేదు తాతా" అని అతను చేయి లాక్కొని వెళ్లిపోయాడు.

ఫిక్రీ పోయిన శీతాకాలంలో పోయాడు. వసంతం వచ్చింది, పెళ్లిరోజు దాటి శుక్రవారం వచ్చింది. మక్సూద్ ఎవరి కోసమూ చూడటం లేదనుకుంటూనే ఒంటి తలుపు దగ్గర కుర్చీ వేసుకున్నాడు. పదకొండింటికి బుసైనా వచ్చింది. నల్ల ముసుగు, చేతిలో ముషబ్బక్ పొట్లం. బస్తాలు పక్కకు జరిపి బెంచీ మీద కూర్చుంది.

"ఈసారి క్షమించే మనిషి లేడు," అంది.

"నువ్వు క్షమించు."

"నాకేం తెలియదనుకున్నారా, క్షమించడానికి?" పొట్లం విప్పింది. "చివర్లో పదిరోజులు మంచం మీదే ఉన్నారు. చెప్పేద్దామా అనుకున్నాను. చెయ్యి పట్టుకొని కూర్చుంటే అదే గుర్తొచ్చేది. చెప్పలేదు. చెప్పాల్సిందంటారా?"

మక్సూద్ ఒక ముక్క విరుచుకున్నాడు. "చెప్పుంటే నాకు ముషబ్బక్ ఆగిపోయేది."

ఆమె ఈసారి ముసుగు అడ్డం పెట్టుకోకుండానే నవ్వింది. నవ్వి, కళ్లు తుడుచుకొని లేచింది.

"పావుకిలో జీలకర్ర ఇవ్వండి."

అతను బస్తా ముడి విప్పి పిడికెడు తీసి ఆమె అరచేతిలో పోశాడు. ఆమె నలిపి వాసన చూసింది. మొహం చిట్లించింది.

"ఇది పాతబడిపోయింది మక్సూద్ బాబాయ్."

"పాతదేనమ్మా. రెండేళ్లయింది. ఇప్పుడెవరూ కొనడం లేదు."

ఆమె మళ్లీ ఒకసారి వాసన చూసి, అదే కట్టమంది.